నలభై ఒకటో పేజీలోని చెయ్యి

పుస్తకం నలభై ఒకటో పేజీలో సక్రీబాయి చెయ్యి ఉంది. మోచేతి దగ్గర మొదలై మణికట్టు దాటగానే ఆగిపోయింది. మనిషి లేదు. కింద చిన్న అక్షరాల్లో "లంబాడీ వృద్ధురాలి ముంజేతిపై పంచభూతాల చిహ్నాలు" అని ఉంది.

సంజన పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. ముంజేతి లోపలివైపు వరసగా ఐదు పచ్చబొట్టు చుక్కలు. నాలుగో చుక్క పక్కన రొట్టెల పెంక అంటుకుని కాలిన మచ్చ. కాలిన రోజు దాని మీద పసుపు అద్దింది తనే. ఇంకెవరి చెయ్యి అయినా పొరబడుతుందేమో గాని ఈ చెయ్యి పొరబడదు.

"సార్, ఇది మా దాది చెయ్యి," అంది లేచి నిలబడి.

క్లాసు గొల్లుమంది. నిజామాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో బీఏ చివరి సంవత్సరానికి ఆ ఏడే కొత్త పేపరు పెట్టారు. ఆదివాసీ, గిరిజన సముదాయాల జీవన దృక్పథం, సంస్కృతి, ఆచారాలు. ఆ పేపరు చెప్పే ఆత్మారాం సార్ బోధన్ దగ్గరి రైతు కుటుంబం మనిషి. కష్టపడి పాఠం చెప్తాడు, కష్టపడి ఊళ్ళు తిరుగుతాడు. పోయిన ఏడు సిరికొండ అవతల సంజన వాళ్ళ తండాకు కూడా వచ్చాడు. తిరిగి చూసినవన్నీ కలిపి ఈ చిన్న పుస్తకం వేశాడు. చెడ్డవాడు కాడు. తనకు తెలిసిందాన్ని ఎదుటివాళ్ళ నోట్లో పెట్టి, అది మళ్ళీ తన చెవిన పడగానే మురిసిపోవడం ఒక్కటే ఆయనకున్న జబ్బు.

"మీ దాదియా! శానా సంతోషం," అన్నాడు ఆయన నిజంగానే సంతోషపడి. "చూసిండ్రా, మనం చదివే పుస్తకంలో మన క్లాసు పిల్ల నాయనమ్మే ఉన్నది."

"కాని సార్, పంచభూతాలని మా దాది ఎన్నడు అనలె."

"నేనే అడిగినమ్మా. రికార్డింగ్ ఉన్నది." ఆయన ఫోను తీసి, వెతికి, మైకు దగ్గర పెట్టాడు. ముందు మేకల అరుపు. తర్వాత ఆయన గొంతు. "అవ్వా, ఐదు చుక్కలంటే నేల, నీళ్ళు, నిప్పు, గాలి, ఆకాశం. అంటే మీరు ప్రకృతిని ఒంటిమీదనే మోస్తున్నరన్నట్టు. అంతేనా?" కాసేపు మేకలు. ఆ తర్వాత సక్రీబాయి. "ఆఁ, గంతే సారు. ఛాయ్ తాగుతరా?"

క్లాసు మళ్ళీ నవ్వింది. సంజన నవ్వలేదు. ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. ఓట్లకు వచ్చినవాళ్ళతో, విత్తనాలు అమ్మేవాళ్ళతో, గోలీలు వేసుకున్నావా అని అడిగే నర్సమ్మతో దాది ఆ గొంతుతోనే మాట్లాడుతుంది. గుమ్మంలోనే నిలబెట్టి మర్యాదగా పంపించే గొంతు అది.

"మీరు అడగలేదు సార్, చెప్పిండ్రు," అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆత్మారాం సార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. నలభై మంది ముందు, అచ్చయిన పుస్తకం చేతిలో ఉండగా ఆ మాట పడడం ఎవరికైనా కష్టమే.

"సరే. ఇగ నీ ప్రాజెక్టు ఇదే. సోమవారం యూనివర్సిటీ నుంచి మేడమ్ వస్తున్నది. అందరి ముందర చెప్పాలె. ఆ ఐదు చుక్కలకు అర్థమేంది, ఎవరు చెప్పిండ్రు, ఆధారమేంది? నాది తప్పయితే పుస్తకం దిద్దుకుంటా. చెప్పకపోతే నలభై మార్కులకు సున్నా. చివరి సెమిస్టరు, యాది పెట్టుకో."

ప్రాజెక్టు పోతే పేపరు పోతుంది, పేపరు పోతే ఈ ఏడు డిగ్రీ చేతికి రాదు. ఆ సంగతి గోడకున్న గడియారానికి కూడా తెలుసు.

"చెప్త సార్," అని కూర్చుంది సంజన.

పక్కన శిరీష మోచేత్తో పొడిచింది. "ఔ అంటే పోతుండె గదనే. నేను పంచభూతాలనే రాసిన. నాలుగు పేజీలొచ్చింది."

క్లాసు అయ్యాక గేటు దగ్గర ప్రేమ్ కలిశాడు. మూడో బెంచీ చివర కూర్చునే మనిషి, భీమ్‌గల్ దిక్కు తండావాడు. ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు తనంతట తనే దగ్గరికి వచ్చాడు.

"మీ దాది తండలనే ఉన్నదా?"

"లేదు. చెరుకు కొట్టుడుకు పోయింది, బాపోళ్ళ ముఠాతోని."

"ఏ దిక్కు?"

"సాలూర దిక్కు. రేపు పోత."

ప్రేమ్ తల ఊపాడు. చెప్పుతో కంకర రాయిని అటూ ఇటూ జరిపాడు. "మా వదినె ఇల్లిడిచి పోయి రెండు నెలలు. మా అన్న పిచ్చోని లెక్క తిరుగుతుండు. ఊరూరు దేవులాడుతుండు," అన్నాడు. ఎందుకు చెప్పాడో సంజనకు అర్థం కాలేదు. అయ్యో అంది. ఇద్దరూ చెరో బస్సు ఎక్కారు.

* * *

బోధన్‌లో దిగి, సాలూర ఆటో ఎక్కి, కాలువ గట్టు మీద దిగేసరికి ఎండ ముదిరింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయినా ఈ నల్లరేగడి భూముల్లో చెరుకు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉంది. లారీలు ఎక్కి దూరపు ఫ్యాక్టరీలకు పోతుంది. చేను అంచున నల్ల టార్పాలిన్ గుడిసెలు ఎనిమిది. లోపల కొయితల చప్పుడు. కొయిత అంటే చెరుకు నరికే వంకర కత్తి.

సక్రీబాయి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని చెరుకు మొవ్వలను మెలిపెడుతోంది. అవే మోపులకు తాళ్ళు. మనవరాలిని చూసి మెలి ఆపలేదు. వాళ్ళు మాట్లాడుకునేది లంబాడీ భాషలోనే. చదివేవాళ్ళ కోసం తెలుగులో పెట్టక తప్పదు.

"పరీక్షలు పెట్టుకొని గిటెందుకొచ్చినవే?"

"పరీక్ష నీ మీదనే దాదీ." సంజన నలభై ఒకటో పేజీ తెరిచి చూపించింది.

ముసలామె తన చేతిని కాగితం మీద చూసుకుంది. ఒళ్ళో ఉన్న చేతినీ చూసుకుంది. "మంచిగనే దిగింది. మరి నన్నెందుకు కోసేసిండ్రు?"

"పంచభూతాలని నువ్వే చెప్పినవట."

"నేనేడ చెప్పిన? ఆయన చెప్పిండు, నేను ఔనన్న. గంత దూరం నుంచి వచ్చిన పెద్దమనిషి. కాదంటే మొఖం చిన్నగ చేసుకుంటడు."

"మరి అసలుదేంది?"

సక్రీబాయి ఆమె చేతిలో పెన్ను వైపు చూసింది. "గా మోపుకు తాడు తక్కువైంది. రెండు మొవ్వలు మెలిపెట్టు, సూద్దాం."

సంజన పెన్ను జడలో గుచ్చుకుని మెలిపెట్టింది. అది చూసినంత తేలిక కాదు. ఆకు అంచు రంపంలా వేళ్ళను కోస్తుంది. గట్టిగా తిప్పితే తెగుతుంది, మెల్లగా తిప్పితే మోపు ఎత్తేటప్పుడు విడిపోతుంది. మధ్యాహ్నం మరోసారి అడిగింది. నీళ్ళు తెమ్మంది దాది. సాయంత్రం లారీ వచ్చాక ఇంకోసారి అడిగింది. మోపు తలకెత్తించుకోమంది. చెక్క పలక మీంచి లారీ ఎక్కి మోపు దింపే ఆడవాళ్ళ వరసలో సంజన కూడా మూడు సార్లు ఎక్కి దిగింది. ఆ రోజు నోట్‌బుక్‌లో ఒక్క ముక్క పడలేదు.

మర్నాడు తిండి వేళ, జొన్నరొట్టె ఎల్లిపాయ కారంతో తినేసి, సంజన చెట్టు నీడన నోటు తెరిచింది. అడిగితే చెప్పకపోతే ఆత్మారాం సార్ నేర్పిన ఇంకో పద్ధతి ఉంది. బంధుత్వ పటం. మగవాళ్ళకు త్రికోణం, ఆడవాళ్ళకు సున్నా. దాది పుట్టింటిని గీసింది. ఐదు త్రికోణాలు, ఒక్క సున్నా. అన్నదమ్ములు ఐదుగురు, దాది ఒక్కతే ఆడపిల్ల. అంతవరకు బాగానే వచ్చింది. లత దగ్గర పటం ఆగిపోయింది.

లతకు పాతికేళ్ళుంటాయి. ఈ ఏడే కొత్తగా ముఠాలో కనిపిస్తోంది. అందరి కంటే వేగంగా మోపు కడుతుంది, ఎడమ చేతి చివరి రెండు వేళ్ళూ మడవకుండానే. కాలువ గట్టు మీద మోటారు సైకిల్ చప్పుడు వస్తే మాత్రం చేస్తున్న పని అక్కడే వదిలి నరకని చెరుకు సాళ్ళలోకి వెళ్ళి కూర్చుంటుంది. చప్పుడు పోయాక వచ్చి మళ్ళీ మోపు అందుకుంటుంది. ఎవరూ ఏమీ అనరు. సక్రీబాయిని ఆమె నానీ అని పిలుస్తుంది. నానీ అంటే అమ్మమ్మ.

సంజన తండ్రి రామ్‌దాస్ కొయితకు పదును పెట్టుకుంటున్నాడు. అక్కడికి వెళ్ళి అడిగింది.

"బాపూ, లతక్క మనకేమైతది?"

"మీ దాది చెల్లె మనుమరాలు."

"దాదికి చెల్లె ఏడుంది?"

రామ్‌దాస్ పదును పెట్టడం ఆపాడు. ఐదుగురు మేనమామలను మనసులో లెక్కపెట్టుకున్నట్టున్నాడు. కొయిత పిడితో చెవి గోక్కున్నాడు. "ఏమో. ఉన్నదేమో," అని లేచి చేలోకి పోయాడు. తల్లి చుట్టరికం చెప్తే నమ్మడమే గాని దాన్ని వేళ్ళ మీద లెక్కించి చూడాలని నలభై ఐదేళ్ళలో ఆయనకెప్పుడూ తోచలేదు.

మూడో రోజు పొద్దున కాలువ అవతలి ముఠా నుంచి ఒక ముసలామె వచ్చింది. చంకన గుడ్డ మూట. ఎవరినీ పలకరించకుండా నేరుగా లత దగ్గరికి వెళ్ళి మూట ఇచ్చింది. అందులో రెండు లంగాలు, ఒక దుప్పటి, ఉతికి మడిచినవి. నీ పేరేమిటని అడగలేదు, ఎవరి బిడ్డవని అడగలేదు. ఆమెను పైనుంచి కిందికి చూసి, మడతపడని ఆ రెండు వేళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగి, తల తిప్పుకుంది.

తర్వాత వచ్చి సక్రీబాయి పక్కన కూర్చుంది. సక్రీబాయి చెయ్యి ఒళ్ళోకి లాక్కుని ముంజేతి మీద రెండో చుక్కను బొటనవేలితో రుద్దింది, దుమ్ము తుడిచినట్టు. సక్రీబాయి కూడా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె ముంజేతి మీదా చుక్కలున్నాయి, నాలుగు. సక్రీబాయి మొదటిదాన్ని రుద్దింది. ఇద్దరూ కాసేపు చెరుకు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ముసలామె లేచి వెళ్ళిపోయింది.

సంజన చేతిలో మోపు అలాగే ఉండిపోయింది. మోపు కింద పెట్టి, చేతులు లంగాకు తుడుచుకుని, దాది ఎదురుగా కూర్చుంది. పెన్ను గుడిసెలో ఉంది. నోటు కూడా అక్కడే ఉంది.

"రెండో చుక్క ఆమెనా?" అని అడిగింది.

సక్రీబాయి చాలాసేపు మనవరాలి చేతులను చూసింది. ఆకు కోసిన గీతలు, చెరుకు జిగురుకు అంటిన మసి.

"ఆమెనే. సోమ్లి. ఇది జమ్లి. ఇది రూప్లి. గిది ఎవలో ఇంకోనాడు చెప్త." మొదటి చుక్క మీద వేలు ఆపింది. "ఇది ధర్మి. లతోళ్ళ అమ్మమ్మ. సచ్చి ఆరేండ్లాయె. చుక్క సావలె."

మెల్లగా చెప్పింది, మొవ్వలు మెలిపెడుతూనే. పెళ్ళికి ముందు ఇద్దరు ఆడపిల్లలు ఒకే సూదితో పొడిపించుకుంటారు. దీని చేతి మీద దానిదొక చుక్క, దాని చేతి మీద దీనిదొకటి. "ఆనాటి సంది ఆమె ఇల్లు నా ఇల్లు. ఎప్పుడొచ్చినా లోపటికి పిలవాలె. ఎందుకొచ్చినవని అడగొద్దు. ఎవలొచ్చి అడిగినా ఈడ ఉన్నదని చెప్పొద్దు. నేను లేకుంట పోతే నా బిడ్డకు, బిడ్డ బిడ్డకు గదే హక్కు. మా నాలుగు తండాల ఆడోళ్ళ ముచ్చట ఇది. వేరేటోళ్ళకు ఉన్నదో లేదో నాకు తెల్వది."

"బాపుకు తెల్వదా?"

"మొగోళ్ళకు తెలిస్తే ఇగ ఏమున్నది? పెండ్లాం పోయిందంటె ముందుగాల చేతిమీద చుక్కలే లెక్కపెడుదురు. అందానికి పొడిపిచ్చుకున్నమనుకుంటరు. అనుకోనీ."

సంజనకు గేటు దగ్గర ప్రేమ్ అన్న మాటలు గుర్తొచ్చాయి. లత వైపు చూసింది. "లతక్కా, మీ అత్తగారిది ఏ ఊరు?"

"భీమ్‌గల్ దిక్కు. ఎందుకే?" అంది లత మోపు బిగిస్తూ. "మా మరిది నిజామాబాద్‌ల నీ లెక్కనే చదువుతడు. ప్రేమ్. ఎరుకనా?"

ఆ మాట దాచుకుని ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు కూడా. కాని సంజన చెప్పేసింది. గేటు దగ్గర ప్రేమ్ అడగడం, తను సాలూర అని చెప్పడం, అన్న ఊరూరూ వెతుకుతున్నాడని అతను అనడం, మొత్తం చెప్పింది. చెప్తుంటే ఏడుపు వచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు.

సక్రీబాయి మెలి ఆగిపోయింది. "చెప్తివి," అంది. అంతకంటే తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

లత చేతులు మాత్రం ఒక్క నిమిషమే ఆగాయి. మోపు మీద మోకాలు పెట్టి తాడు మళ్ళీ లాగింది. "రెండు నెలల్ల మూడిండ్లు మారిన నానీ. ఇగ ఉరుక. వస్తే రానీ. ఈడ ఇరవై కొయితలున్నయి," అంది. ఆ రోజంతా మోటారు సైకిళ్ళు వచ్చినా ఆమె సాళ్ళలోకి పోలేదు. సంజన మాత్రం ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడింది.

ఆదివారం బయలుదేరేటప్పుడు దాది ఆటో దాకా వచ్చింది.

"సోమారం ఏం చెప్తవే?"

"తెలుస్తలేదు దాదీ."

"ఏమున్నది తెల్వనీకి? పంచభూతాలే అని చెప్పి పాసుకా. గా అబద్ధం మాకు మంచిదే. దేవుని ముచ్చటంటె ఎవలు అటు దిక్కు చూడరు."

"చెప్ప."

"ఎందుకే గంత మొండితనం? డిగ్రీ పోతదట గదా."

సంజన ఆటో ఎక్కాక, ఇంజను చప్పుడులో, గట్టిగా అరిచినట్టే చెప్పింది. "నువ్వు చెప్పిన అబద్ధం నీ ఇంటి గడపల చెప్పినవ్ దాదీ, ఛాయ్ పోసి. గది నేను కాలేజీల నిలబడి చెప్తే ఇగ నిజమైపోతది. రేపు లతక్కకు బిడ్డ పుడితే, అది పుస్తకం చదివి, మా ముత్తవ్వ చేతిమీద గాలి, నీళ్ళు ఉండెనని రాసుకుంటది. ధర్మి పేరు ఏడ పోవాలె?"

సక్రీబాయి ఆటో కమ్మీ మీంచి చెయ్యి తీసింది. ఆటో కదిలింది.

* * *

సోమవారం పదకొండు గంటలకు మొదలైంది వైవా. యూనివర్సిటీ నుంచి వచ్చిన జ్యోతిరాణి మేడమ్ యాభై దాటిన మనిషి. చేనేత చీర, మెడలో కళ్ళద్దాల గొలుసు. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, మిగిలిన క్లాసంతా వింటుండగా అడుగుతోంది. పక్కన ఆత్మారాం సార్, ఆయన ముందు పుస్తకం. శిరీష పంచభూతాల గురించి ఆరు నిమిషాలు మాట్లాడి చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. మేడమ్ ఏదో రాసుకుంది.

"సంజన."

లేచేటప్పుడు వెనక్కి చూసింది. మూడో బెంచీ చివర ప్రేమ్ కూర్చుని ఉన్నాడు, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని. ఆమెనే చూస్తున్నాడు.

ప్రాజెక్టు కాగితాలు మేడమ్ తిప్పి చూసింది. చెరుకు కొట్టే విధానం, మోపు కట్టే తీరు, ఆడవాళ్ళు మోసే బరువు, గుడిసెల్లో నీళ్ళ ఇబ్బంది. పన్నెండు పేజీలు శ్రద్ధగా ఉన్నాయి. బంధుత్వ పటం కూడా ఉంది. అందులో లత లేదు. చుక్కల గురించి ఒక్క ముక్క లేదు.

"ఫీల్డ్ వర్క్ బాగుందమ్మా. కాని నీ అంశం పచ్చబొట్లు కదా? సార్ పుస్తకంలో ఉన్న అర్థం తప్పన్నావట."

"తప్పే మేడమ్."

"ఎలా తెలుసు?"

"ఆ చెయ్యి ఎవలిదో ఆమెనే చెప్పింది."

"మంచిది. అయితే అసలు అర్థం ఏమిటి?"

ఆత్మారాం సార్ పెన్ను మూత తీసి సిద్ధంగా పట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన కళ్ళలో కోపం లేదు. తెలుసుకోవాలనే ఉంది. ఈ మనిషి రెండో ముద్రణలో దిద్దుకుంటాడు, ఫొటో కింద కొత్త వాక్యం వేస్తాడు, ఆ వాక్యం నలభై మంది నలభై ఊళ్ళకు మోసుకుపోతారు. మొదటి మోత మూడో బెంచీ నుంచే మొదలవుతుంది. సంజన కుర్చీలో నిటారుగా కూర్చుంది. మాట స్పష్టంగానే వచ్చింది.

"తెలుసు మేడమ్. చెప్పను."

"అంటే?"

"చెప్పేది కాదు. తెలుసుకున్నందుకే తెలిసింది, చెప్పొద్దని."

ఆత్మారాం సార్ పెన్ను కింద పెట్టాడు. "ఇది చదువా? చూసిండ్రా మేడమ్? ఏదైనా దాచిపెట్టుకుంటే ఇగ పేపరు ఎందుకు, క్లాసు ఎందుకు? మీ సంస్కృతి గురించి నలుగురికి తెలవాలనే గదా ఇదంతా."

"మేమున్నమని తెలిస్తే చాలు సార్. మా ఇండ్లల్ల ఏ మూల ఏమున్నదో ఎందుకు?" సంజన ఆగలేదు. "మీ ఇంటికొచ్చి మీ అమ్మ చెయ్యి ఫొటో తీసుకొని, పేరు కూడా రాయకుండ, నాకు తోచింది కింద రాస్తే మీరు ఊకుంటరా?"

ఎవరో చప్పట్లు కొట్టబోయి మానుకున్నారు. జ్యోతిరాణి మేడమ్ కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"సరే, నువ్వు చెప్పవు. నేను ఏదో ఒకటి రాయాలి కదమ్మా. ఏం రాయమంటావు?"

"అడిగినం, చెప్పలేదు అని రాయండి మేడమ్. గది నిజమే గదా."

మేడమ్ వంగి, ఆ రెండు మాటలు కాగితం మీద రాసింది. రాసింది కనిపించేలా కాగితాన్ని కొద్దిగా ఇటు తిప్పింది. "రాశాను. కాని సమాధానం లేకుండా నేను పాస్ చేయలేనమ్మా. రూలు అది. మళ్ళీ రాయాల్సి వస్తుంది. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

బెంచీకి తిరిగి వెళ్తుంటే ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. లోపల ఏదో గట్టిగా, మెలిపెట్టిన మొవ్వలా ఉంది. ఒక ఏడు పోయింది. పోతే పోయింది.

"ప్రేమ్," అని పిలిచాడు ఆత్మారాం సార్. ఆయనలో ఇంకా వేడి తగ్గలేదు. ప్రేమ్ వచ్చి కుర్చీలో కూర్చోకముందే పుస్తకం నలభై ఒకటో పేజీ తెరిచి అతని ముందుకు తోశాడు. "నువ్వు కూడా ఆ తండాలవాడివే. ఇంటికొక ముసలమ్మ ఉంటది గదా. నువ్వైనా చెప్పు. ఏందివి?"

సంజన బల్ల అంచు పట్టుకుంది.

ప్రేమ్ ఆ ఫొటోను చూశాడు. చాలాసేపు చూశాడు. చూపుడువేలు మొదటి చుక్క దాకా తెచ్చి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు.

"తెలుసు సార్," అన్నాడు. "చెప్పను."

ఆత్మారాం సార్ పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. మేడమ్ తల ఎత్తి ప్రేమ్‌ను చూసింది, సంజనను చూసింది. ఇందాకటి రెండు మాటల కింద మళ్ళీ అవే రాసింది. రూలు అతనికీ అదే అని చెప్పింది. అతను తల ఊపి లేచాడు.

వరండాలో సంజన అతని వెనకే పరుగెత్తింది. అతనే ఆగి వెనక్కి తిరిగాడు.

"మీ దాదికి ఫోన్ కొట్టు జల్ది," అన్నాడు. "మా అన్నకు సాలూర సంగతి తెలిసింది. నేను చెప్పలె. లారీ డ్రైవరెవడో వదినెను చూసిండట. రేపు పొద్దుగాల బండి మీద పోతడు. నేను ఎంట ఉంట గాని, ఆయనను ఆపుడు నాతోని కాదు."

"నీకెట్ల తెలుసు, చుక్కల ముచ్చట? మొగోళ్ళకు తెల్వదంటది మా దాది."

ప్రేమ్ వరండా స్తంభానికి ఆనుకున్నాడు. నేల వైపు చూస్తూ చెప్పాడు.

"మా యాడి చేతిమీద మూడున్నయి. అమ్మను బాపు కొట్టినప్పుడల్ల నన్ను చంకనేసుకొని పోతుండె. ఏ ఇంట్ల పండుకున్నమో, ఎవలు బువ్వ పెట్టిండ్రో నాకు యాది ఉండదా?"

సంజన ఫోను తీసింది. చేతి వేళ్ళ గీతలు ఇంకా మండుతున్నాయి. నాలుగో మోతకు సక్రీబాయి ఎత్తింది. వెనక కొయితల చప్పుడు. సంజన గబగబా చెప్పింది. రేపు పొద్దున, మోటారు సైకిల్, ఇద్దరు.

"సోమ్లి దగ్గరికి తోలిస్త. వాళ్ళ ముఠా రేపు తెల్లారకముందే వేరే ఊరికి పోతది," అంది దాది. "ఇగ ఉరుకనన్నది గదా. ఉరుకుడు కాదే, పనికి పోవుడు అని చెప్త." కాస్త ఆగి అడిగింది. "నీకెవలు చెప్పిండ్రే?"

"లతక్క మరిది. చుక్కల ముచ్చట గూడ వానికి ఎరుకనే."

"మొగపోరనికి చుక్కల ముచ్చట తెలిసిందా? వాడు ఎవలికన్న చెప్తడేమోనే."

సంజన ప్రేమ్ వైపు చూసింది. అతను తల తిప్పుకుని గేటు వైపు చూస్తున్నాడు.

"ఇప్పుడే అడిగిండ్రు దాదీ, అందరి ముందట," అంది. "చెప్పలె."

సక్రీబాయి ఇంకేమీ అడగలేదు. ఫోను చెవిన ఉండగానే లతను కేకేసి పిలవడం వినిపించింది.